మద్దక్క బొట్లు పెట్టిన ఇంజను

మా మద్దక్క పోయిన పదకొండో నాడు, ఇంటి ముందు వేసిన పందిరి కింద కూర్చుని తిమ్మయ్య అనే పెద్దమనిషి ఒక మాట అన్నాడు. కడుపు నిండా తిని, చెయ్యి కడుక్కొని, వక్క నోట్లో వేసుకున్నాక అన్నాడు.

"మంచి మనిషేలేప్పా. నోరే శానా పెద్దది. కళ్లం కాడికి మేరకు వచ్చినోన్ని ఉత్తచేతులతో పంపిచ్చిన ఆడది మా ఎరికలో ఆయమ్మ ఒకతే."

చుట్టూ ఉన్న నలుగురూ తలలూపారు. నేను లేచి వచ్చేశాను. చావు జరిగిన ఇంట్లో జగడం పెట్టుకోవడానికి నాకు నోరు రాలేదు. నా బదులు అక్క ఉంటే, పీట మీది మనిషిని పీట మీదే నిలదీసి ఉండేది. ఆ నోరే పెద్దదని ఆయన అన్నది. అది ఎందుకు పెద్దదయిందో, ఎవరి కోసం అయిందో చెప్పకుండా నేను కూడా పోతే ఇక చెప్పేవాళ్ళు ఉండరు.

మేర అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియదు కనుక ముందు అది చెప్పాలి. మా వైపు ఊళ్ళలో కమ్మరికీ వడ్రంగికీ పని పనికీ డబ్బులిచ్చే అలవాటు లేదు. ఏడాది పొడుగునా నాగలి కర్రు సాగ్గొట్టడం, బండి చక్రానికి పట్టా ఎక్కించడం, ఏది విరిగితే అది చేసిపెట్టడం వాళ్ళ వంతు. మాఘమాసంలో జొన్నలు కళ్లానికి వచ్చినప్పుడు వాళ్ళు వచ్చి నిలబడతారు. ఇంటికి తీసుకుపోయే ముందే రైతు వాళ్ళ పాలు కొలిచి పోస్తాడు. అదే మేర. అది బిచ్చం కాదు, బహుమానం కాదు. ఏడాది మాట. మేర ఒకరికి ఇచ్చి పని ఇంకొకరితో చేయించుకోవడం కూడా తప్పే. ఇచ్చినవాడికీ తప్పే, చేసినవాడికీ తప్పే.

మా బావ మారెన్న ఈ లెక్క ప్రకారం బతికినవాడు. అక్కడే దెబ్బ తిన్నాడు.

మద్దక్క నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. మా అమ్మ పోయాక నన్ను ఎత్తుకొని పెంచింది. బడి మొహం చూడలేదు. పొట్టి మనిషి, నడక మాత్రం మగవాళ్ళు వెనకబడేంత జోరు. మేనమామ కొడుకు మారెన్నకే ఇచ్చారు. బావ యుద్ధం రోజుల్లో బళ్ళారిలో ఒక గుత్తేదారు కారు నడిపాడు. పెట్రోలు దొరకని ఆ కాలంలో వెనక బొగ్గు పొయ్యి తగిలించి నడిపిన కారు అది. యుద్ధం అయిపోయాక గుత్తేదారు కొత్తది కొనుక్కొని పాతదాన్ని బావకు చవగ్గా ఇచ్చాడు. గుడ్డ కప్పు, ఒక పక్క తలుపును తాడుతో కట్టుకోవాలి. దాన్ని తెచ్చి బావ డోన్ స్టేషను ముందు బాడిగకు పెట్టాడు. రైలు దిగినవాళ్ళను ప్యాపిలికో పత్తికొండకో చేర్చడం, నొప్పులు పడుతున్న ఆడవాళ్ళను కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోవడం, అదే వాళ్ళ బతుకు. దానికి తోడు కొండ కింద నాలుగెకరాల ఎర్రచేను. అది మా నాయన పసుపు కుంకుమ కింద అక్కకు రాసిచ్చింది.

దసరాకు ఆయుధపూజ నాడు బండ్లు ఉన్నవాళ్ళందరూ బండి మూతికి బొట్టు పెట్టి నిమ్మకాయ కడతారు. మా అక్కకు అది చాలేది కాదు.

"పనిచేసేది లోపలుంటే బయట మూతికి బొట్టు పెడితే ఏమొస్తాది బావా? ఎత్తు ఆ మూత," అని బానెట్టు ఎత్తించేది.

మా నాయన ఇంట్లో నాగలికి పూజ చేసేటప్పుడు బొట్టు అతుకుల మీద పెట్టేవాళ్ళం. రెండు కొయ్యలు కలిసే చోట సగం దీని మీద, సగం దాని మీద పడేట్టు. ఏడాదంతా అతుకు విడవకూడదని. అక్క ఇంజనుకూ అలాగే చేసేది. ఇంజను నెత్తిన వరసగా పద్నాలుగు నట్లు ఉండేవి. కుంకుమను ఆముదంలో రంగరించి, ఒక్కొక్క నట్టుకూ, కింద ఇనుముకూ కలిసేట్టు వేలితో అద్దేది. బండి నడిచే కొద్దీ ఆ బొట్లు వేడికి కాలి, నల్లబడి, ఎండిన జిగురులా గట్టిపడేవి. మరుసటి దసరాకు గోటితో గీకి తీసి మళ్ళీ పెట్టేది. స్టేషను దగ్గర జట్కావాళ్ళు నవ్వేవాళ్ళు. "మారెన్నా, మీ ఇంజనుకు పెండ్లెప్పుడప్పా?" అని.

బండికి చిన్న చిన్న పనులు పడితే పుల్లయ్య మేస్త్రీ చేసేవాడు. అప్పట్లో అతనికి డోన్ బజారు చివర నాలుగు రేకుల షెడ్డు ఉండేది. పల్లెలో పుట్టినవాడే, కమ్మరి పని చూసి పెరిగినవాడే. బావ అతన్ని ఆయగాడి లెక్కన, అంటే మేర మీద పనిచేసేవాడిగా పెట్టుకున్నాడు. మాఘంలో కబురు పెడితే పుల్లయ్య కళ్లానికి వచ్చి, కండువా చాచి, "చల్లంగుండాల రైతు," అని మేర పోయించుకొని పోయేవాడు. ఒక మూట జొన్నలు. అలా మూడేళ్ళు. మేరంటే తెలియక తీసుకున్నాడనడానికి వీల్లేదు. ఆ మాట ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

యాభైమూడులో కర్నూలు రాజధాని అయింది. ఊరి నిండా గుడారాలు లేచాయి. గుడారాల్లో సర్కారు కచేరీలు, వాటి ముందు కార్లు, జీపులు. పుల్లయ్య డోన్‌లో రేకులు విప్పి కర్నూలులో కార్ఖానా పెట్టాడు. గేటు, బోర్డు, కూర్చోవడానికి కుర్చీ వచ్చాయి. ఆ మాఘంలో కళ్లానికి రాలేదు. బావే జొన్నల మూట కారులో వేసుకొని పోయి కార్ఖానాలో దించి వచ్చాడు. పుల్లయ్య కుర్చీలోంచి లేవకుండానే, "ఆ మూలన పెట్టుప్పా," అన్నాడట. ఆ నాలుగో మేర కూడా అతని ఇంట్లో ఉడికింది.

యాభైనాలుగు డిసెంబరులో, కర్నూలుకు పోతూ పోతూ ఉలిందకొండ దగ్గర కారు పొగలు కక్కి నిలిచిపోయింది. బావ ఎద్దులను బాడిగకు తీసుకొని, కారుకు మోకు కట్టి, పన్నెండు మైళ్ళు కర్నూలు దాకా లాగించాడు. దారిలో ఎన్నో బళ్ళు ఎదురయ్యాయట. ఒక్కడు నవ్వకుండా పోలేదట. అయినా బావ వేరే మేస్త్రీని తలవలేదు. మేర పుల్లయ్యకు ఇచ్చాడు, పని పుల్లయ్యే చేయాలి.

మూడో నాడు ఒక కాగితం పట్టుకొని ఇంటికి వచ్చాడు. నేనప్పుడు వెల్దుర్తి బళ్ళో పంతులు పనిలో కొత్తగా చేరాను. శనివారం సాయంత్రం డోన్ వచ్చేసరికి అక్క పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యిలో మంట లేదు. బావ గోడకు ఆనుకొని బీడీ చేతిలో పట్టుకున్నాడు. అదీ వెలగలేదు.

"చేను అమ్ముతాడంట మీ బావ," అంది అక్క. "సోమవారం రిజిస్ట్రీ అంట. తిమ్మయ్య ఆరు నూర్లకు మాట్లాడుకొని పోయినాడు. నా వేలిముద్ర ఒకటే తక్కువ."

పదకొండో నాడు వక్క నమిలినది ఈ తిమ్మయ్యే. ఎకరా నాలుగు వందలు పలికే చేనును, అవసరం చూసి నాలుగెకరాలూ కలిపి ఆరు వందలకు అడిగాడు. ఆ మాట ఆయనకు గుర్తులేదు. అక్క నోరు మాత్రం గుర్తుంది.

"బండి లేకుంటే చేను పెట్టుకొని ఏం తింటాం?" అన్నాడు బావ నేల చూస్తూ. "వానల్లేక రెండేండ్లాయె. బండి తిరిగితే మళ్ళా కొనుక్కోవచ్చు."

"చదువు తమ్ముడా ఆ చీటీ. ఒక్కొక్కటే చదువు. నిదానంగా."

చదివాను.

"ఇంజను విప్పి పరీక్ష చేసినందుకు నలభై రూపాయలు."

"ఊఁ."

"అరిగిన పిస్టన్లు నాలుగు తీసి కొత్తవి వేయుటకు నూటా ఎనభై."

"పిస్టన్లంటే?"

బావ చెప్పాడు. "సైకిలుకు గాలి కొట్టే పంపులో పైకీ కిందికీ ఆడే బిళ్ళ ఉండాది సూడు, అట్లాంటివి. ఇనుపవి. ఇంజను లోపల ఆడతాంటాయి."

"సరే. ఇంగ?"

"బోరింగు నూటా పది. బేరింగులు తొంభై. రేడియేటరు కొత్తది నూటా నలభై. కూలి ఎనభై. వెరసి ఆరు వందల నలభై." కింద ఇంకో వరస ఉంది. అది చదవడానికి నాకే సిగ్గేసింది. "ఇష్టము లేనిచో బండిని ఉన్నపళంగా రెండు వందల యాభైకి తీసుకొనబడును."

అక్క తల ఎత్తింది.

"ఇన్ని చెడిపోయినాయి గదా. అట్లాంటి బండిని కొనుక్కొని వాడేం చేసుకుంటాడంట, ఊరగాయ పెట్టుకుంటాడంటనా?"

బావ చేతిలోని బీడీని అటూ ఇటూ తిప్పాడు.

"బేరమాడినావా?"

"ఆయగానితో ఎవురన్నా బేరమాడతారా మద్దీ? నాలుగేండ్ల మేర తిన్నోడు అన్యాయం రాస్తాడా? ఆ మేర తీసేసే ఇంత రాసింటాడు. లేకుంటే ఏడు నూర్లో ఎనిమిది నూర్లో అయ్యేది. రాజధాని గదా, రేట్లు అట్ల ఉండాయంట."

ఇదీ మా బావ లెక్క. పుల్లయ్య తీసేయని మేరను మనసులో తనే తీసేసుకొని, మిగిలినదానికి పెళ్ళాం చేను అమ్మబోయాడు. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. నాకు ఆ రోజూ నవ్వు రాలేదు, ఈ రోజూ రావడం లేదు. ఆ నమ్మకం తెలిసే, ఆ నమ్మకం ఎంత దూరం లాగితే అంత దూరం వస్తుందని తెలిసే, ఒకడు కుర్చీలో కూర్చుని ఆ కాగితం రాశాడు.

"పాతవి చూసినావా?" అని అడిగింది అక్క.

మా నాయనకు ఎద్దులతో నీళ్ళు తోడే కపిల బావి ఉండేది. తోలు బొక్కెన చినిగితే మాదిగ పెద్దాయన కొత్త ముక్క కుట్టి, పాత ముక్కను తెచ్చి మా వాకిట్లో పెట్టేవాడు. వడ్రంగి అయినా అంతే, విరిగిన ఇరుసును ఇంటికి చేర్చేవాడు. పాతది కంటికి చూపకుండా కొత్తదాని మాట ఎత్తే మర్యాద మా వైపు లేదు. అక్క అడిగింది అదే.

"చూపిచ్చినాడు. నాలుగు. నల్లంగ అరిగిపోయి ఉండాయి."

"అవి మనవేనని నీకెట్ల తెలుసు?"

"మేస్త్రీ చెప్పినాడు గదా!"

అక్క లేచి కొంగు దోపుకుంది. "దాసన్న ఇంటికాడ ఉంటాడేమో పోదాం పా తమ్ముడా."

దాసన్న రైల్వేలో ఫిట్టరు. రెండు వీధుల అవతల ఉండేవాడు. కారు పోతుంటే ఆ చప్పుడు విని, "అన్నా, ఒక ప్లగ్గు పనిచేయడంల్యా," అని అరుగు మీది నుంచే చెప్పేవాడు. అలాంటి మనిషి అంత దగ్గర ఉండగా బావ అతన్ని ఎందుకు అడగలేదో మీకిప్పుడు తెలుసు. మేర ఇచ్చింది ఇంకొకరికి.

బావ ఇష్టం లేకుండానే మా వెనక వచ్చాడు. దాసన్న కాగితం చదివి మడిచి అక్క చేతికి ఇచ్చేశాడు. రేట్ల గురించి ఒక్క మాట అనలేదు. బావను అడిగాడు.

"అన్నా, బండి నిలబడక ముందు రేడియేటరు మూత తీసి చూసినావా? నీళ్ళు ఎట్లుండె?"

"బుడగలు వస్తాండె. సోడా మాదిరి. పొద్దున చల్లగున్నప్పుడు ఇంజను వేసినా వస్తాండె."

"హెడ్డు కింద ప్యాకింగని ఒకటుంటాది. రాగి రేకుది. అది కాలిపోయిందేమో. పదో పన్నెండో రూపాయల సామాను. అయితే విప్పి చూడకుండా ఇదే అని నేను చెప్పను. చెప్పకూడదు."

ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఒకడు విప్పకుండానే ఆరు వందల నలభై రాశాడు. ఇంకొకడు పన్నెండు రూపాయల మాట కూడా విప్పందే గట్టిగా అనలేనన్నాడు.

అక్క అడిగింది. "దాసన్నా, ఆ పిస్టన్లు బయటికి తీయాలంటే ఏం విప్పాల?"

"పైన హెడ్డు విప్పాల అక్కా. అది తీయందే అవి రావు."

"హెడ్డంటే? నేను దసరాకు బొట్లు పెడతానే, ఆ నట్లు బిగిచ్చిండేదేనా?"

"అదే. పద్నాలుగు నట్లూ విప్పాల్సిందే."

అక్క తల ఊపింది. "రేపు ఆదివారం. నీకు పనిలేకుంటే మాతో కర్నూలుకు వస్తావా నాయనా? మాటకు కాదు, చేతికి."

"పానాలు తెచ్చుకుంటాలే అక్కా," అన్నాడు దాసన్న.

మరునాడు పొద్దున రైల్లో కర్నూలు పోయాం. అక్క చేతిసంచిలో కుంకుమ భరిణె, చిన్న ముంతలో ఆముదం ఉన్నాయి. ఎందుకని నేనడిగితే, "ఉండనీ" అంది.

కార్ఖానా ఆదివారం కూడా తెరిచే ఉంది. రెండు జీపులు, ఎవరో అధికారి కారు ఉన్నాయి. వాటి డ్రైవర్లు బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు. మా కారు గోడ పక్కన, కప్పు మీద దుమ్ముతో ఉంది. పుల్లయ్య మమ్మల్ని చూసి బావతోనే మాట్లాడాడు.

"ఏమప్పా మారెన్నా, దుడ్లు తెచ్చినావా? బండిని ఇడ్సిపెడతావా?"

బావ నోరు తెరిచేలోగా అక్క ముందుకు వచ్చింది. "మేస్త్రీ, మా ఇంజను నువ్వే విప్పినావా?"

"నేనే విప్పినానమ్మా. నా చేతుల్తో. ఆడోల్లు ఇట్ల కార్ఖానాలోకి రాకూడదమ్మా, నూనె గీనె అంటుకుంటాది. బయట కూర్చో."

"కడుక్కుంటాలే. మా పిస్టన్లు యాడ?"

పుల్లయ్య నవ్వి, మూల నుంచి నాలుగు పిస్టన్లు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "చూడమ్మా, బాగా చూడు. నీకు అర్థమయితే చెప్పు." బల్ల మీది డ్రైవర్లు నవ్వారు.

అక్క వాటిని ముట్టుకోలేదు. "ఇవి మా ఇంజనులో నుంచి తీసినవే?"

"దేవుని సాచ్చిగా."

"తమ్ముడా, బానెట్టు ఎత్తు."

ఎత్తాను. ఇంజను నెత్తిన పద్నాలుగు నట్లు, పద్నాలుగు బొట్లు. కాలి నల్లబడి, గట్టిపడి, సగం నట్టు మీద, సగం కింద ఇనుము మీద. ఒక్కటి చీలలేదు. ఒక్కదాని అంచు చెదరలేదు. దసరా నాడు మా అక్క వేలు ఎలా అద్దిందో అలాగే, ఆ వేలి గీతలతో సహా ఉన్నాయి.

ఒక అబద్ధం చెప్పడానికి కూడా ఆ మనిషి ఒళ్ళు వంచలేదు. ఆ పద్నాలుగు నట్లూ ఒకసారి వదులు చేసి బిగించినా మేం ఏమీ అనలేకపోయేవాళ్ళం. ఆ మాత్రం శ్రమ కూడా మాకు దండగ అనుకున్నాడు. వీళ్ళకు ఏం తెలుసు, డోన్ పల్లెవాళ్ళు, కాగితం చూపిస్తే చేను అమ్ముకుంటారు అనుకున్నాడు. నా కడుపు ఇన్నేళ్ళ తరువాత కూడా మండేది మోసానికి కాదు, ఆ చులకనకు.

"చెప్పు మేస్త్రీ," అంది అక్క. "ఈ నట్లు తిప్పకుండా ఈ లోపల నుంచి నాలుగు ఇనప ముక్కలు ఎట్ల తీసినావో చెప్పు. మంత్రమేసి తీసినావా?"

బల్ల మీద టీ తాగుతున్న ఒక డ్రైవరు లేచి వచ్చి వంగి చూశాడు. ఇంకొకడూ వచ్చాడు.

పుల్లయ్య మొహం మారింది. అయినా తగ్గలేదు. "విప్పి మళ్ళా బిగిచ్చినామమ్మా. బిగిచ్చినాక మావోల్లు బొట్లు మళ్ళా పెట్టినారు. శుభమని పెడతాం."

అక్క సంచిలోంచి కుంకుమ భరిణె, ఆముదం ముంత తీసి కారు ముందు మడ్‌గార్డు మీద పెట్టింది.

"ఇద్దో కుంకుమ. ఇద్దో ఆముదం. ఒక్కటి పెట్టి చూపీ. రెండు మాసాలు కాలి మాడినట్ల పెట్టు. నా వేలిగీత పడేట్ల పెట్టు. నువ్వు పెడితే ఆరు నూర్ల నలభై ఈడనే లెక్కబెడతా, నా చేను పోయినా సరే."

ముందు లేచి వచ్చిన డ్రైవరు, "పెట్టు మేస్త్రీ, మేము గూడా నేర్చుకుంటాం," అన్నాడు. నవ్వు ఈసారి ఇటు తిరిగింది.

పుల్లయ్య గొంతు పెంచాడు. "ఇది రాజధానమ్మా, మీ డోన్ సంత కాదు. బండి నా షెడ్డులో ఉండాది. పరీక్ష కూలి నలభై కడితేనే కదిలేది."

"విప్పనిదానికి విప్పిన కూలా?" అని అక్క కారు ఫుట్‌బోర్డు మీద కూర్చుంది. "కదలదులే. నేనూ కదలను. వచ్చినోల్లందరికీ ఈ బొట్లు చూపిచ్చుకుంటా ఈడనే కూర్చుంటా. నీ ముందరనే. అన్నం గూడా నువ్వే పెట్టాల, నాలుగు మూటల జొన్నలు తిన్నోనివి."

"ఆ జొన్నలు నేనడిగినానా? మీరే ప్రేమగా తెచ్చిచ్చిరి."

అప్పటి దాకా తల దించుకొని ఉన్న బావ తల ఎత్తాడు. అక్క మాటలకు కాదు, ఈ మాటకు. "ప్రేమనా?" అన్నాడు. "కళ్లంలో కండువా పట్టినావు గదప్పా. అది మేర గదప్పా." ఆయన గొంతులో కోపం కూడా లేదు. ఎవరో చచ్చిపోయారని విన్నవాడి గొంతులా ఉంది. నేను బావను అంతకుముందు అలా చూడలేదు.

పుల్లయ్య లోపలికి పోయాడు. ఇద్దరు డ్రైవర్లు, దాసన్న, నేను కలిసి కారును గేటు దాటించి రోడ్డు పక్క వేపచెట్టు కిందికి తోశాం. ఎవరూ అడ్డం రాలేదు.

దాసన్న పానాలు విప్పాడు. మొదటి నట్టు మీద పానా పెట్టి ఆగాడు. "అక్కా, బొట్లు పోతాయి."

"పోనీ నాయనా. విప్పేటోడు విప్పితే పోవాల్సిందే. మళ్ళా పెడతాలే."

హెడ్డు లేచింది. దాని కింద రాగి రేకు రెండు చోట్ల కాలి చిల్లులు పడి ఉంది. దాసన్న దాన్ని తీసి నీళ్ళతో తుడిచి అక్క చేతిలో పెట్టాడు. పాతది చూపించడం అతనికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. పిస్టన్లు వేలితో నొక్కి చూసి, "ఇంకా అయిదారేండ్లు ఆడతాయి," అన్నాడు. కారు సామాన్ల అంగడిలో ప్యాకింగు పదకొండు రూపాయలకు దొరికింది. రేడియేటరు ఒకచోట కారితే మాట్లు వేయించాం. అంతా కలిపి ఇరవై దాటలేదు. దాసన్న కూలి ఎంతన్నా తీసుకోలేదు. సాయంత్రం పొద్దు వాలకముందే కారు గుడారాల మధ్య నుంచి డోన్ దారి పట్టింది. రేడియేటరులో బుడగలు లేవు. పుల్లయ్య గేటు దగ్గర బావ హారన్ కొట్టబోతే అక్క చెయ్యి పట్టుకుంది. "వద్దు. పోదాం పా."

సోమవారం రిజిస్ట్రీ జరగలేదు. తిమ్మయ్య ఇంటికి వచ్చి, "మాటంటే మాటప్పా మారెన్నా," అని గంట సేపు కూర్చున్నాడు. వేలిముద్ర నాది, మాట ఆయనది, అని అక్క లోపలి నుంచే చెప్పింది. ఆడది కార్ఖానాలో గలాటా చేసిందని, మొగుణ్ణి నలుగురిలో తల దించుకునేట్టు చేసిందని వారం తిరక్కముందే డోన్ అంతా చెప్పుకున్నారు. ఆ కాగితం రాసినవాడి గురించి చెప్పుకున్నవాళ్ళు నాకు ఒక్కరూ కనబడలేదు.

యాభైఆరు నవంబరులో రాజధాని హైదరాబాదుకు పోయింది. గుడారాలు లేచిపోయాయి, కార్లు పోయాయి. పుల్లయ్య రేకులు మళ్ళీ డోన్ బజారు చివరికి వచ్చాయి. మాఘంలో మా జొన్నల కళ్లానికి అతను వచ్చి నిలబడ్డాడు. కండువా చాచాడు. "చల్లంగుండాల రైతు," అన్నాడు, మధ్యలో ఏమీ జరగనట్టు.

పక్క కళ్లంలో తిమ్మయ్య ఉన్నాడు. ఆయన చూసింది అక్కడి నుంచే.

మా బావ, చెబితే నమ్మరు, గింజలు కొలిచే పడి తీసుకొని రాశిలో ముంచాడు. వచ్చి నిలబడినవాణ్ణి ఉత్తచేతులతో పంపడం ఆయన చేత కాదు. అక్క వచ్చి ఆయన చేతిలోంచి నిండు పడిని తీసుకుంది. విసురుగా కాదు, బిడ్డ చేతిలోంచి కొడవలి తీసుకున్నట్టు తీసుకుంది.

"ఈ ఏడు మాకు ఏం పని చేసినావప్పా?" అని అడిగింది పుల్లయ్యను.

అతను కండువా కొసలు సర్దుకున్నాడు.

"ఒక్కటి చెప్పు. ఒక్క నట్టు బిగిచ్చినా చెప్పు. ఈ పడి పోస్తా."

అతను బావ వైపు చూశాడు. బావ జొన్నల రాశి వైపు చూశాడు.

"ఆకలని వచ్చింటే ఇంటికి రా, అన్నం పెడతా. దానికి కండువా పట్టక్కర్లే. మేర మాత్రం పనోనిది," అని అక్క నిండు పడిని రాశి మీద బోర్లించింది. పుల్లయ్య కండువా మడిచి భుజాన వేసుకొని వెళ్ళిపోయాడు.

అన్నం పెడతానన్న మాట పక్క కళ్లానికి వినబడలేదనుకోవాలి.

కారు యాభైతొమ్మిది దాకా నడిచింది. చేను ఇప్పటికీ ఉంది. అక్క చివరి ఏడు కూడా మనుషులను పెట్టి కందులు వేయించింది. పదకొండో నాడు తిమ్మయ్య రెండు సార్లు అడిగి వేయించుకున్న పప్పు ఆ చేనిదే.